సోడా పొంగు – మన చదువు

వేసవిలో దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారిపై నిమ్మకాయ సోడా రుచి ఎరుగని విద్యార్థి అరుదు. శిక్షణ సంస్థలకు, వసతి గృహాలకు పేరొందిన ఈ ప్రాంతంలో హెన్రీ నియమాన్ని వల్లె వేయని సైన్సు విద్యార్థియు అరుదే. ఐనను, ఒక చేత సోడా, మరొక చేత నోట్సు పట్టుకొన్న ఆ విద్యార్థిని "మూత తీయగానే ఇది ఎందుకు పొంగింది?" అని అడిగితే, "అందులో గ్యాసు ఉన్నది గనుక" అన్న సమాధానమే తరచు వినవస్తుంది. గ్యాసు మూత తీయక ముందు కూడా ఉన్నది గదా! అప్పుడెందుకు పొంగలేదు? ఈ రెండవ ప్రశ్న వద్దనే నిజమైన చదువు ప్రారంభమవుతుంది. మన పరీక్షల చదువు సరిగా అక్కడనే ఆగిపోతున్నదని నా అభిప్రాయం.

ముందుగా విషయాన్ని పరిశీలిద్దాము. సోడా అనగా ఒత్తిడితో బొగ్గుపులుసు వాయువును కరిగించిన నీరు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, తన ఇంటి ప్రక్కనున్న బీరు కర్మాగారంలో పులిసే తొట్ల మీద నిలిచిన ఈ వాయువును నీటిలో కలిపి చూచాడు. 1772లో ఆ విధానాన్ని ప్రచురించాడు. 1803లో మాంచెస్టరు నగరానికి చెందిన విలియం హెన్రీ దీని వెనుకనున్న నియమాన్ని ప్రకటించాడు. ఉష్ణోగ్రత మారనంతవరకు, ద్రవంలో కరిగే వాయువు పరిమాణం ఆ ద్రవంపై అదే వాయువు కలిగించే పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక వాతావరణ పీడనంలో, లీటరు నీటిలో ఈ వాయువు సుమారు 1.5 గ్రాములు కరుగుతుంది. మూసిన సీసాలో ఒత్తిడి దీనికి కొన్ని రెట్లు ఉంటుంది గనుక, వాయువు కూడా అన్ని రెట్లు కరిగి కనబడకుండా ఉంటుంది. మూత తీయగానే ఆ ఒత్తిడి తొలగుతుంది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కొంచెం మించి మాత్రమే ఉన్నది. ఇక ఆ నీరు అంత వాయువును తనలో నిలుపుకొనజాలదు. కావున పొంగును కలిగించినది గ్యాసు ఉండుట కాదు, దానిని అణచి ఉంచిన ఒత్తిడి తొలగిపోవుట.

ఐతే వాయువంతా ఒక్క క్షణంలోనే ఎందుకు పోదు? బుడగ పుట్టుటకు ఒక ఆధారం కావలెను. గాజుపై సన్నని గీత, ధూళి రేణువు, అంతకుముందే ఉన్న చిన్న గాలిబుడగ అందుకు ఆధారమవుతాయి. సీసాను కుదిపినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగినందువలన పొంగినదని పలువురు భావిస్తారు. అది సరికాదు. కుదిపినందువలన సూక్ష్మమైన బుడగలు ద్రవమంతటా వ్యాపిస్తాయి. మూత తీయగానే ఒక్కొక్కటి పెరిగి, పైకి లేచి, ద్రవాన్ని తనతో ఎత్తుకొని వస్తుంది. కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే ఆ బుడగలు పైకి చేరిపోయి పొంగు తగ్గుతుంది.

నిమ్మకాయ సోడాలో ఉప్పు వేయగానే నురగ లేచుట మనకు నిత్యానుభవమే. దీనిని రసాయనిక చర్య అని చెప్పే విద్యార్థులు ఎందరో! ఉప్పు పలుకులు బుడగలకు జన్మస్థానాలగుట ఇందుకు ముఖ్య కారణం. ఇది భౌతికమైన మార్పు. నిమ్మరసంలో వంటసోడా వేసినపుడు లేచే నురగ మాత్రం రసాయనిక చర్య. చూపునకు రెండును ఒకటే, కారణాలు వేరు. ఈ తికమకకు మాట కూడా కొంత కారణం. త్రాగే సోడా, వంటసోడా, బట్టల సోడా అని మూడు వేరువేరు వస్తువులను మనం ఒకే మాటతో పిలుస్తున్నాము. మాటను తరచి చూచే అలవాటు లేని చోట శాస్త్రం నిలువదు.

మాట ప్రసక్తి వచ్చినది గనుక మరొక సంగతి చెప్పవలెను. 1870వ దశకంలో హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన గోలీసోడా సీసా మన వీధులలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తున్నది. లోపలి వాయువే గోలీని సీసా మెడలోని రబ్బరు వలయానికి అదిమిపట్టి మూతగా నిలుపుతుంది. గోలీని నొక్కితేనే సోడా తెరచుకొంటుంది. తెలుగులో ఒత్తిడి అన్న మాట ఒత్తుట నుండి, ఉర్దూలో దబావ్ అన్న మాట దబానా నుండి పుట్టినవి. రెండు భాషలలోను ఆ మాటకు మూలం నొక్కుటయే! ఆ సీసాను ఒకసారి తెరచిన బాలునికి ఆ మాటకు అర్థం అతని బొటనవ్రేలికే తెలుసు. పరాయి భాషలోని నిర్వచనాన్ని వల్లె వేసినవానికి మార్కులు వస్తాయేమో గాని, ఆ స్పర్శ రాదు.

ఇది సోడాతో ముగిసే విషయం కాదు. 1986 ఆగస్టు 21న ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు అడుగున, నీటి బరువు క్రింద కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా పొంగి వెలువడి, సుమారు 1,700 మందిని బలిగొన్నది. పొంగినది సరస్సు ఐనను, పనిచేసినది సోడా సీసాలోని నియమమే. తరువాత శాస్త్రజ్ఞులు 2001లో సరస్సు లోతుకు గొట్టం దింపి, ఆ వాయువు కొద్దికొద్దిగా బయటకు పోయే మార్గం కల్పించారు. నియమాన్ని అర్థం చేసికొన్నవారే ఈ ఉపాయాన్ని ఆలోచించగలరు. కంఠస్థం చేసినవారికి అది సాధ్యం కాదు.

సొంత భాషలో సైన్సు చెప్పుట అసాధ్యమని వాదించేవారు మన నగర చరిత్రనే మరచుచున్నారు. 1906లో హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్ర గ్రంథాలను వెలువరించింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించింది. ఆ రెండు వారసత్వాలును మన కళాశాల ప్రాంగణంలో ప్రక్కప్రక్కన ఉన్నవి. ఆంగ్లం అక్కరలేదని నేను అనను. ఉద్యోగానికి, ఉన్నత విద్యకు అది అవసరమే. కాని అర్థం కావలసినది ముందు మనసుకు. మనసు మాట్లాడే భాష ఇంటి భాష.

కావున నా సూచన స్వల్పమైనది, ఖర్చు లేనిది. ప్రయోగశాలలో ఏడాదికొకసారి రెండు సోడా సీసాలు ఉంచండి, ఒకటి చల్లనిది, మరొకటి వెచ్చనిది. రెంటినీ తెరచి, ఏది ఎక్కువ పొంగినదో చూడండి. తెరచిన సీసాను త్రాసులో పెట్టి, గంట గంటకు బరువెంత తగ్గుతున్నదో వ్రాయండి. ఆ పిదప ఒక విద్యార్థి తెలుగులోను, మరొకరు ఉర్దూలోను, సైన్సు చదువని మిత్రునికి బోధపడునట్లు కారణం చెప్పవలెను. ఆ మిత్రుడు "సరే, అర్థమైంది" అన్ననాడే ఆ పాఠం పూర్తియైనట్లు భావిద్దాము.