అరుగు మీద కూర్చుంటే నేరమా?

జులాయి. ఆవారా. పోరంబోకు. బలాదూరు. పనీపాటా లేనివాడు.

ఈ మాటలు ఎవరిని చూసి అంటారు మీరు?

క్లబ్బులో పొద్దుగూకులూ పేకాడే పెద్దమనిషిని ఎప్పుడైనా అన్నారా? కాఫీ షాపులో ఒక్క కప్పు ముందు పెట్టుకుని మూడు గంటలు కూర్చునే మీ అబ్బాయిని?

అనలేదు. అనరు.

పోరంబోకు అన్నది శిస్తు లేని భూమికి రెవెన్యూ వాళ్ళు వాడే పేరు. సెంటు భూమి కూడా లేనివాడికి దాన్ని తిట్టుగా అంటగట్టాం. సిగ్గనిపించదా?

హైదరాబాద్ పాతబస్తీలో రాత్రిళ్ళు అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళ కోసం పోలీసులు వచ్చారు. దానికి ‘ఆపరేషన్ చబుత్రా’ అని పేరు కూడా పెట్టారు. చబుత్రా అంటే అరుగే. స్టేషన్‌కు తీసుకెళ్ళారు, అమ్మానాన్నల్ని పిలిపించారు, కౌన్సెలింగ్ అన్నారు. ఇంటిల్లిపాదీ ఒక్క గదిలో సర్దుకునే చోట, ఉక్కపోతలో, ఇరవై ఏళ్ళవాడు ఇంకెక్కడ కూర్చోవాలి? మీకు బాల్కనీ ఉంది. వాడికి అరుగే ఉంది.

మీరేమన్నారు? “మంచి పని చేశారు” అన్నారు.

అనడానికి మీకు నోరెలా వచ్చింది?

ఈ వేట కొత్తది కాదు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా అమ్ముకు బతికిన ఎరుకలవాళ్ళ వ్యాపారాన్ని రైలు మింగేస్తే, తిరిగే కాళ్ళకు తిండి లేకుండా చేసిన తెల్లదొరలే, 1871లో మొదలైన చట్టం కింద వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులన్నారు, పేర్లు రాసుకుని హాజరు వేయించుకున్నారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి కాపలా కాశారు, స్వతంత్రం వచ్చాక మనవాళ్ళూ 1952 దాకా ఆ ముద్ర చెరపలేదు, చెరిపాక ‘అలవాటు నేరస్థులు’ అని ఇంకో చట్టం తెచ్చారు, 1959లో బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం కంటికి కనిపించే జీవనాధారం లేకుండా తిరుగుతూనో ఆగిపోయో ఉన్నవాణ్ణి కూడా బిచ్చగాడిగా లెక్కగట్టింది, 1977లో మన దగ్గరా బిచ్చమెత్తడాన్ని నేరం చేశారు, 2017లో ఇవాంకా ట్రంప్ హాజరైన సదస్సు ముందు హైదరాబాద్‌లో రెండు నెలలు బిచ్చం నిషేధించి, దొరికినవాళ్ళను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ దగ్గరి ఆశ్రమాలకు తరలించారు, బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయలిస్తామన్నారు.

అయిదు వందలు. మనిషి ఆచూకీకి.

మీరు ఆ వార్త చదివారు. పేజీ తిప్పారు.

2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడ అమల్లో ఉన్న బొంబాయి చట్టంలోని శిక్షల సెక్షన్లను కొట్టేసింది. బతకడానికి దారి చూపని ప్రభుత్వం, బతకడానికి చెయ్యి చాచినవాణ్ణి శిక్షించకూడదని ఒక కోర్టు చెప్పాలా? మీకు తెలియదా? రోజూ సిగ్నల్ దగ్గర కారు అద్దం ఎక్కించుకునే మీకు తెలియదా?

చట్టాన్ని తిట్టి ఊరుకోకండి. పోలీసును పిలిచింది కాలనీవాళ్ళే కదా? “ఎవడో గేటు దగ్గర తచ్చాడుతున్నాడు” అని వాట్సాప్‌లో ఫొటో పెట్టింది ఎవరు? పార్కు బెంచీ మీద నడుం వాల్చినవాణ్ణి లేపమని వాచ్‌మన్‌ను పంపింది ఎవరు?

రేపు పొద్దున పది దాటాక లేబర్ అడ్డా మీదుగా వెళ్ళండి. టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంకా నిలబడే ఉంటారు కొందరు. చీకటితో వచ్చారు. పని దొరకలేదు.

బండి ఆపి, ఇవాళ పొయ్యి ఎలా వెలుగుతుందని ఒక్కరినైనా అడుగుతారా? లేక ట్రాఫిక్‌కు అడ్డమని మళ్ళీ ఫిర్యాదు చేస్తారా?