మగ్గపు మాటలు

మాదాపురమున అద్దాల మేడలలో కూర్చుండి గణకయంత్రములతో పనిచేయువారు తమ వృత్తికిని సాలెవాని వృత్తికిని సంబంధమేమియు లేదని తలంతురు. వారు దినదినము పలుకు మాటలే ఆ తలంపును కాదనుచున్నవి. 'వెబ్' అను ఆంగ్లపదము నేయుట యను ధాతువునుండి పుట్టినది. 'త్రెడ్' అనగా నూలుపోగు. సాఫ్ట్‌వేరునకు మారుగా మనలో కొందరు వ్రాయుచున్న 'తంత్రాంశము' మాటయో? సంస్కృతమున తంత్రము మగ్గమునకును పడుగునకును పేరు. 'తన్' అనగా సాచుట. సాచి కట్టిన నూలగుటచే పడుగు తంత్రమైనది. క్రమము గల ప్రతి యేర్పాటునకును, తుదకు శాస్త్రములకును ఆ పేరే చెల్లినది. కావున 1998లో సైబర్ టవర్స్ తెరచిననాటినుండి ఈ సీమలో తయారగుచున్న సరకునకు మగ్గమే పేరు పెట్టినదనుట అతిశయోక్తి గాదు. పేరు మాత్రమే గాదు: 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జాకార్డు రంధ్రములు గల అట్టముక్కలచే పట్టుమగ్గమును నడిపెను, పిమ్మట బాబేజి తన గణనయంత్రమునకు ఆ యట్టలనే తలపెట్టెను.

ఇక మన తెలుగు మాటల గతి యేమి? నిలువునూలు పడుగు, అడ్డునూలు పేక. నేటి బాలునకు పేక యనగానే ముక్కలాట తప్ప వేరొకటి తోచదు! పేకను అటునిటు నడుపునది నాడె, అందుండు నూలుచుట్ట కండె. పడుగుపోగులు దూరియుండి పేకను దగ్గరకు కొట్టునది అచ్చు. పుస్తకములు ముద్రించు పనికిని అచ్చనియే పేరు. సాలెపురుగును చూచి భయపడు పిల్లలలో ఆ పేరున సాలెవాడున్నాడని ఎరిగినవారెందరు?

ఆసు అను మాట చూడుడు. పోచంపల్లి, ఆలేరు ప్రాంతములలో అద్దకమునకు ముందు నూలును అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులచుట్టు త్రిప్పుటయే ఆసు పోయుట. ఒక చీరెకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. ఆ పనిని ఆడువారే చేయుచుండిరి. తల్లి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచెను. 2017లో పద్మశ్రీ పొందెను. శ్రమ తగ్గినది, మాట నిలిచినది. ఇట్టి మార్పును నేను మనసార మెచ్చుకొందును.

కాని అంగళ్ల పలకలపై 'ఇక్కత్' అనియే కనబడుచున్నది. అది కట్టుట యను అర్థము గల మలయా పదము. మన నేతవారు ఆ కట్టును చిటికి యందురు. పరదేశపు మాటపై నాకు ద్వేషము లేదు గాని, కట్టిన చేతి మాటకు పలకపై చోటు లేకుండుట న్యాయముగాదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు నేతవారినోట విన్న మాటలను కూర్చి చేనేత పదకోశమును 1971లో వెలయించిరి. అది మహోపకారమే. అయినను నాడె చేతబట్టని వానికి నిఘంటువు నాడెను చూపజాలదు. మన విద్యార్థులు విహారయాత్రకు పోచంపల్లి పోయినపుడు చీరెల వెల లడుగుటతో సరిపుచ్చక, గుంటమగ్గము ప్రక్క కూర్చుండి ఒక్కొక్క పరికరము పేరు అడిగి వ్రాసికొనవలెను. నేతయింటి బిడ్డలు అంతదూరము పోనక్కరలేదు. రాత్రి భోజనమైన పిమ్మట నాయనమ్మనడిగిన చాలును.