గ్యాసు ఆగమం కావాలి, ఆదేశం కారాదు



సంధులూ సమాసాలూ చెప్పి బతికినవాడికి మోటారు విద్యతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, చెప్పక తప్పదు. మా పల్నాట నేనెరిగిన షెడ్లలో ఒక దురాచారం చూస్తున్నాను. పాత పెట్రోలు కారుకు గ్యాస్ కిట్ బిగించగానే కంపెనీ అమర్చిన పెట్రోలు పంపు, గొట్టాలు, ఫిల్టరు ఊడబెరికి పాత ఇనుముకు వేస్తున్నారు. "ఇంక వాటితో పనేముంది మాష్టారూ? దండగ బరువు" అన్నాడు నా వ్యానుకు కిట్ వేసిన కుర్రవాడు. తల ఊపాను. అదే నేను చేసిన తప్పు.

కిందటి మాఘమాసంలో ఒక రాత్రి నా ఇల్లాలికి ఆయాసం వచ్చింది. మాచర్ల నుంచి నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాము. కారెంపూడి దాటాక గ్యాసు అయిపోయింది. పాత అలవాటు కొద్దీ మీటను పెట్రోలు వైపు తిప్పాను. బండి ఉలకలేదు, పలకలేదు. పంపే లేనప్పుడు పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుంది? మిరప టిక్కీల లారీ డ్రైవరు దయదలచి ఎక్కించుకున్నాడు గనుక ఆమె నేడు నాకు కాఫీ ఇస్తున్నది.

వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండున్నాయి. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వలె వచ్చి ఉన్న అక్షరాన్ని తరిమి ఆ చోటు ఆక్రమిస్తుంది. కారులో గ్యాసు ఆగమంగా ఉండాలని నా వాదం.

కారణాలు చెబుతాను. ట్యాంకులో ద్రవరూపంలో ఉన్న ఎల్పీజీ వాయువుగా మారేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడి రెడ్యూసరుకు ఇంజను వేడినీటి నుంచే అందాలి. అందుకే చల్లని ఇంజనును పెట్రోలుతో మొదలుపెట్టి, కాస్త వేడెక్కాక గ్యాసుకు మార్చడం క్షేమం. రెండవది, పెట్రోలు బంకు ఊరూరా ఉంది. వాహన గ్యాసు బంకు అలా లేదు. మూడవది చట్టం. ఎల్పీజీని వాహనేంధనంగా 2000వ సంవత్సరపు సవరణ అనుమతించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశానికి విరుద్ధమైన మార్పులను నిషేధిస్తూనే, వేరే ఇంధనానికి తగినట్లు ఇంజనును మార్చుకొనడానికి నియమబద్ధమైన దారి చూపింది. ఆర్.సి. పుస్తకంలో పెట్రోలు, గ్యాసు రెండూ రాయించుకొని, బండిలో ఒకదాన్నే ఉంచడం అబద్ధం కాదా?

ప్రతివాదులు ఒక మాట అంటారు: వాడని పెట్రోలు భాగాలు ఊరికే పాడవుతాయి కదా అని. నిజమే, వాడకపోతే పాడవుతాయి. కార్బురేటరులో నిలిచిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. పంపులోని రబ్బరు పొర ఎండిపోతుంది. ఇంజెక్షను కార్లలో ట్యాంకులోని పంపును చల్లబరచేది పెట్రోలే గనుక ట్యాంకు ఎండగట్టరాదు. అయితే దీనికి మందు వాడకమే గాని ఊడబెరకడం కాదు. రోజూ నాలుగు నిమిషాలు పెట్రోలుమీద నడపండి.

కంపెనీది గదా అని పాత రబ్బరు గొట్టాన్ని పూజించమని నేను చెప్పడం లేదు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. అది పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. కనుక గొట్టాలు, వాషర్లు ఇథనాలుకు తట్టుకొనేవి వేయించండి. అరిగినదాన్ని మార్చడం జీర్ణోద్ధరణ. ఉన్నదాన్ని పారవేయడం విధ్వంసం.

ఇక ఇంటి వంట సిలిండరును కారులో పెట్టేవారితో నాకు వాదమే లేదు. అది నేరం, ఆపైన ప్రాణాంతకం. వాహన గ్యాసు ట్యాంకును 80 శాతానికి మించి నిండనివ్వని కవాటం ఆ సిలిండరుకు ఉండదు.

నా వ్యానుకు పంపు, గొట్టాలు మళ్ళీ కొనిపెట్టించాను. పాత ఇనుముకు వచ్చినదానికి ఎన్నో రెట్లు వదిలింది. మీరు కిట్ వేయించేటప్పుడు షెడ్డులో నిలబడి "పెట్రోలు దారి ముట్టుకోకు నాయనా" అని ఒక్కమాట అనండి. ఆ మాట ఆనాడు నేను అనలేకపోయాను.