చట్టం తెలుసుకుందాం: రాజీ మాట ఎవరు చెప్పాలి?



ఒక సంఘ పెద్ద మాకు ఉత్తరం వ్రాశారు. వారి సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగాదా పడ్డారు. మాటా మాటా పెరిగి, అన్న కర్ర తీసి తమ్ముణ్ణి కొట్టాడు. ముంజేతి ఎముక విరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టారు. వైద్యం ఖర్చు అన్న ఇచ్చేట్టు తేల్చి, చేతులు కలిపించి పంపారు. నెల తిరిగేసరికి తమ్ముడు పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. రాజీ అయిపోయాక కేసు పెట్టడం సమాధానాన్ని చెడగొట్టడం కాదా అని ఆ పెద్ద అడుగుతున్నారు.

ఆ ఉత్తరం మేము రెండుసార్లు చదివాము. పెద్దలు ఏమన్నారో అందులో ఉంది, అన్న ఏమన్నాడో ఉంది. తమ్ముడు ఏమన్నాడో మాత్రం ఎక్కడా లేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ప్రాణం పోకపోయినా దెబ్బ నేరమే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మన ఊళ్ళలో 323 కేసు, 325 కేసు అని చెప్పుకొనేవి ఇప్పుడు 115, 117 సెక్షన్లయ్యాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఒంటికి నొప్పి కలిగించినా అది గాయమే. కావాలని అలా చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయం సంగతి వేరు. కన్ను పోవడం, చెవి వినికిడి పోవడం, అవయవం పోవడం లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం, ఎముక గానీ పన్ను గానీ విరగడం లేదా తొలగడం, ఇవన్నీ తీవ్ర గాయాలే. ప్రాణాపాయం తెచ్చిన దెబ్బ, 15 రోజులు విపరీతమైన నొప్పితో బాధపెట్టిన దెబ్బ, 15 రోజులు మనిషిని తన పనులు చేసుకోనివ్వని దెబ్బ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పాత చట్టంలో ఇది 20 రోజులు. తీవ్ర గాయం చేసినవారికి 7 సంవత్సరాల వరకు జైలు, దానితోపాటు జరిమానా. కత్తి వంటి మారణాయుధంతో చేస్తే శిక్ష యావజ్జీవం వరకు వెళ్ళవచ్చు. పన్ను ఊడితే ఏముందిలే అని తీసిపారేసేవారు ఈ మాట గమనించాలి.

ఇక రాజీ సంగతి. మామూలు గాయమైతే రాజీకి చట్టం ఒప్పుకుంటుంది. తీవ్ర గాయమైతే కోర్టు అనుమతి కూడా కావాలి. మారణాయుధంతో తీవ్ర గాయం చేస్తే, చట్టం రాజీకి వీలున్నవని చెప్పిన నేరాలలో అది లేదు. అయితే రాజీకి వీలున్న ఈ రెండింటిలోనూ ఆ మాట చెప్పవలసినది దెబ్బ తిన్న మనిషే. కొట్టినవాడు కాదు, ఊరి పెద్ద కాదు, సంఘ పెద్ద కాదు. కోర్టులో రాజీ నమోదయితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. అంత పెద్ద మాట గనుకనే చట్టం దానిని గాయపడినవారి నోటికే విడిచిపెట్టింది.

ఇంట్లో పడే దెబ్బలకూ ఇదే చట్టం. భర్త కొట్టాడు గనుక ఎముక విరగడం చిన్న నేరమై పోదు. కాపురం నిలబడాలని భార్యకు సర్దిచెప్పి పంపే ముందు, ఆమె ఆ ఇంటికి తిరిగి వెళ్ళడానికి భయపడుతున్నదా అని ఎవరైనా అడిగారా? 2005 నాటి గృహహింస చట్టం క్రింద ఆమె మెజిస్ట్రేటు నుండి రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు.

దెబ్బ తగిలినవారు మొదట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. జారి పడ్డానని చెబితే అదే కాగితం మీదికి ఎక్కుతుంది. ఎముక సంగతి ఎక్స్‌రేలో తెలుస్తుంది. తీవ్ర గాయమైతే పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి, దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. మామూలు గాయమైతే మెజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు. అందుకే కోర్టుకు వెళ్ళమంటారు. ఈ మామూలు గాయం కేసుకు గడువు ఒక సంవత్సరం.

నిర్గమకాండము 21వ అధ్యాయంలోనూ ఈ సంగతి ఉంది. ఇద్దరు పోట్లాడుకొని ఒకడు రాతితోనో పిడికిలితోనో కొట్టగా, రెండవవాడు చావక మంచం పట్టి, తరువాత చేతికర్రతో లేచి తిరిగితే, కొట్టినవాడికి శిక్ష తప్పుతుంది. అయితే వాడు పనిచేయలేని కాలానికి నష్టం చెల్లించాలి, పూర్తిగా బాగయ్యే వరకు వైద్యం చేయించాలి. అక్కడ కూడా మొదట చూసినది మంచాన పడినవాడి నష్టాన్నే. మన కోర్టులు కూడా శిక్షతోపాటు నష్టపరిహారం ఇప్పించగలవు.

ఉత్తరం వ్రాసిన పెద్దగారికి మా మనవి ఇది. మీరు సమాధానం కోరి చేసిన పని మంచి మనసుతో చేసినదే. అయితే చేతికి కట్టు ఉన్న ఆ నెలంతా తమ్ముడి పొలంలో పని ఎవరు చేశారు? ఆ కూలి ఎవరు ఇచ్చారు? ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళండి. అన్నను వెంట తీసుకుపోకండి. ఆయన చెప్పేది చివరిదాకా వినండి. అప్పటికీ రాజీ పడతానంటే, కోర్టు అనుమతితో అది జరుగుతుంది. వద్దంటే, సమాధానం చెడగొట్టాడన్న మాట ఆయన మీద వేయకండి. ఆ సమాధానాన్ని చెడగొట్టింది గట్టు మీద లేచిన కర్ర.