విడి సిగరెట్టు

పటాన్‌చెరువులో కార్ఖానాల షిఫ్టు మారు వేళ ఏ పాన్ డబ్బా ముందైనను కొంతసేపు నిలిచి చూడుడు. అచటికి వచ్చు కుర్రవాడు పెట్టె కొనడు, ఒక్కటి కొనును. అగ్గిపెట్టెయు నక్కరలేదు, దారమున వ్రేలాడు లైటరు అందరిదియు. పెట్టెపై నూటికి 85 పాళ్లు ఆక్రమించు ఆ భయంకర చిత్రము దుకాణదారుని అరలోనే యుండిపోవును.

చట్టము లేదనుటకు వీలులేదు. 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయములకు 100 గజముల లోపల ఎవ్వరికిని అమ్మరాదనియు 2003 నాటి కేంద్ర శాసనము విధించినది. ఉల్లంఘించిన వానికి జరిమానా 200 రూపాయలకు మించదు. ఇరువదియేండ్లు గడచినను మన రాష్ట్రమున ఆ యంకె కదలలేదు. ఎప్పుడైన నొకసారి కట్టు అద్దెవంటి దిది.

మన శాసనసభకు అధికారము లేదా? ఇదే చట్టమును సవరించి హుక్కా కేంద్రములను నిషేధించు బిల్లును 2024 ఫిబ్రవరిలో సభవా రామోదించిరి. మంచి పనియే. కాని హుక్కా కేంద్రమునకు పోవువాడు నగరమున కలిగినవారి బిడ్డ. ఇస్నాపూరు, పాశమైలారముల ఇరుకు గదులలో నలుగురైదుగురు చేరి బ్రతుకు పనివానికి దానితో పనియేమి? వానికి దొరకునది యీ విడి సిగరెట్టే.

జహీరాబాదు దాటి బీదరు జిల్లాలో నడుగిడినచో న్యాయమే మారిపోవును. కర్ణాటకమువారు వయస్సును 21కి హెచ్చించిరి, జరిమానాను 1000 రూపాయల వరకు పెంచిరి, విడి సిగరెట్ల విక్రయమును నిషేధించిరి. ఆ సవరణకు 2025లో రాష్ట్రపతి యామోదము లభించినది. మహారాష్ట్రమువారు 2020లోనే విడి యమ్మకమును నిషేధించిరి. పందొమ్మిదేండ్ల బిడ్డ ఊపిరితిత్తులు సరిహద్దు కావల నొకతీరుగను, ఈవల నొకతీరుగను ఉండునా?

డబ్బావాని పొట్టకొట్టెదరా యని కొందరు మిత్రులు మమ్మడిగిరి. వాడును మనవాడే, పూట గడుపుకొనుటకు కూర్చున్నవాడే. కావున పోలీసులను వానిపై నుసిగొల్పుమని మేము కోరము. పొగాకు అమ్మువారికి పురపాలక సంఘములు వేరు లైసెన్సు లియ్యవలెననియు, అట్టి దుకాణములలో పిల్లలు కొను మిఠాయిలు, బిస్కట్లు ఉండరాదనియు కేంద్ర ఆరోగ్యశాఖవారు 2017లోనే రాష్ట్రములకు సలహా వ్రాసిరి. లైసెన్సు పోవునన్న భయము 200 రూపాయల రసీదు కంటె ఎక్కువ పనిచేయును. న్యాయస్థానములలో తిరుగు మాకు ఈ సంగతి బాగుగ తెలియును.

సంగారెడ్డి, పటాన్‌చెరువు శాసనసభ్యులు రానున్న సమావేశములలో విడి సిగరెట్ల నిషేధమునకు సవరణ తెత్తురా? వారి జవాబు వచ్చినచో నీ పుటలోనే ప్రకటింతుము.