గ్లౌజు దగ్గరే ఆగిపోయే రిసెర్చి (డిజైన్ చదువులు, కులం: 2వ భాగం)



పోయిన భాగంలో డిజైన్ కాలేజీల అడ్మిషన్ల సంగతి మాట్లాడుకున్నాం. లోపలికి ఎవరు పోతున్నారు, గేటు బయట ఎవరు ఆగిపోతున్నారు అని. ఈసారి, లోపలికి పోయినవాళ్లు డిగ్రీ ఆఖరి ఏడాదిలో మన బస్తీలకు ఎందుకు వస్తున్నారో చూద్దాం.

జనవరి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఫైనల్ ప్రాజెక్టు. సఫాయి కార్మికులు ఐదారుగురు కావాలి. రెండు రోజులు చాలు." ఈ పిల్లలు చాలామంది మంచి మనసుతోనే వస్తారు. నా కొట్లాట వాళ్ల చేతికిచ్చి పంపిన పద్ధతితో.

ఆ పద్ధతి ఇదీ. ఐదుగురితో ఇంటర్వ్యూ. ఒక పూట వెంట తిరిగి ఫోటోలు. తర్వాత స్టూడియో గోడ నిండా రంగురంగుల స్టికీ నోట్లు. ఎంపతీ మ్యాప్‌లో నాలుగు గళ్లు: ఏమంటాడు, ఏమనుకుంటాడు, ఏం చేస్తాడు, ఏమనిపిస్తుంది. చివరికి ఐదుగురినీ కలిపి ఒక పర్సోనా: కల్పిత పేరు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో, మూడు పెయిన్ పాయింట్లు. పర్సోనా అనేది సాఫ్ట్‌వేర్ తయారీ కోసం అలన్ కూపర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. నచ్చకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌ను మనిషి వదిలేస్తాడు. మ్యాన్‌హోల్‌ను వదిలేసే వీలు మావాళ్లకు ఉందా?

ఆ కాగితంలో వయసుకు గడి ఉంది, అలవాట్లకు గడి ఉంది. కులానికి లేదు. ఈ పని ఏ తాత నుంచి వచ్చింది, మానేస్తే ఇంకో పని ఎవరిస్తారు, కాంట్రాక్టర్ ఎవరు, జీతం ఎన్ని నెలలుగా ఆగింది? అడగని ప్రశ్నకు జవాబు రాదు. అందుకే సమస్య ఎప్పుడూ ఒకేలా తేలుతుంది: గ్లౌజు జారుతోంది, బూటు బరువుగా ఉంది. కొత్త గ్లౌజు తయారవుతుంది. జ్యూరీ చప్పట్లు కొడుతుంది.

"చేతులు కాపాడటం తప్పా అన్నా?" అంటారు. తప్పు కాదు. ఈ రోజు పనిలో ఉన్న మనిషికి గ్లౌజు ఈ రోజే కావాలి, అదివ్వడం యజమాని బాధ్యత. కానీ 2013 చట్టం తెరిచి చూడండి. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలతో, రక్షణ దుస్తులతో మలం శుభ్రం చేసే మనిషిని మాన్యువల్ స్కావెంజర్‌గా పరిగణించకూడదని నిర్వచనం కిందే వివరణ ఉంది. అంటే తొడుగు తొడిగితే మనిషి లెక్కలోంచి మాయం. పని అదే, కులం అదే. లెక్కలో లేనివాళ్లకు పునరావాసం ఎవరిస్తారు? ఇది చదవకుండా గ్లౌజు గీయడం అమాయకత్వం అనిపించుకోదు.

ఇదే ఫీల్డులో జరిగిన ఇంకో రిసెర్చి ఉంది. బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర, ఈ పనే చేసే కుటుంబంలో పుట్టారు. ఆయన నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి డ్రై లెట్రిన్లు లెక్కపెట్టారు, ఫోటోలు తీశారు, పని చేసేవాళ్ల వివరాలు రాసుకున్నారు. వాళ్లూ ఇంటర్వ్యూలే చేశారు. కానీ అడిగినవాళ్లలో ఆ కుటుంబాల బిడ్డలున్నారు. ఈ పని ఇంకా ఎందుకుంది అని అడిగారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లి, మా దగ్గర ఆ పనే లేదన్న ప్రభుత్వాల ముందు ఆధారాలు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగలేదు నిజమే. కానీ అవి ఎవరి ఖాతాలో పడాలో రికార్డుకెక్కింది.

మీ సిలబస్‌లో ఉన్న పార్టిసిపేటరీ డిజైన్ కూడా అలాంటి చోటే పుట్టింది. 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్ క్రిస్టెన్ నైగార్డ్‌తో కలిసి, ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ల మీద కార్మికుల మాట చెల్లాలని పని మొదలుపెట్టింది. మన కాలేజీలకు చేరేసరికి యూనియన్ ఊడిపోయి స్టికీ నోట్లు మిగిలాయి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బస్తీకి వచ్చే ముందు ఇవి చేయండి. కులానికి గడి పెట్టండి, అందులో మీ కులం కూడా రాయండి. మొదట యూనియన్ దగ్గరికి వెళ్లి ప్రశ్న వాళ్లతో కలిసి రాయండి. వద్దంటే వెనక్కి వెళ్లిపోండి. మీకోసం పోగొట్టుకున్న పూటకు కూలి కట్టివ్వండి. రిపోర్టు తెలుగులో తెచ్చి బస్తీలో చదివి వినిపించండి. జ్యూరీలో ఒక కుర్చీ వాళ్లకు వేయించండి. గైడు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో థీసిస్‌లోనే రాయండి.

ఆ స్టూడియోల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. 1919లో సౌత్‌బరో కమిటీ ముందుకు బాబాసాహెబ్ సాక్షిగా వెళ్లారు, అంటరానివాళ్లకు ఏం కావాలో తానే రాసిచ్చారు. మీ అమ్మానాన్నల బతుకును మీ పక్క బెంచీవాళ్లు 'ఇన్‌సైట్' అంటుంటే ఊరుకోకండి. అది సాక్ష్యం. దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరో అడగండి.

వచ్చే భాగంలో తోలు పని, లంద, వాటి మీద జరిగే 'క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్' గురించి.

జై భీమ్.