తెలుగు కక్షిదారుడు - ఆంగ్ల న్యాయస్థానము

మన న్యాయస్థానములు ఆంగ్లేయుల పద్ధతిపై ఏర్పడినవి గనుక వాని భాషయు ఆంగ్లమే కావలెనని వాదించు పెద్దలు ఇప్పటికిని కొందరున్నారు. వారు ఆంగ్లేయుల చరిత్రమునే చదివియుండినచో ఇట్టి మాట ఆడియుండరు. నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆ దేశపు న్యాయస్థానములలో వాదము ఫ్రెంచిలోను, రికార్డు లాటినులోను జరుగుచుండెను. బోనులో నిలిచిన ఆంగ్లరైతునకు తన తల యేల పోవుచున్నదో తెలియకుండెను. 1362లో పార్లమెంటు, ఫ్రెంచి జనులకు తెలియదను కారణమునే చూపి, వాదములు ఆంగ్లమున జరుగవలెనని శాసించెను. రికార్డులనుండి లాటినును వెడలగొట్టుటకు 1733 వరకు పట్టినది. శాస్త్రము చెడిపోవునని అప్పుడును పండితులు వాపోయిరి. శాస్త్రము చెడలేదు. పరభాషను త్రోసివేసి బాగుపడిన జాతి భాషను మనము పరభాషగా నెత్తికెత్తుకొని, దానిని ఆంగ్లపద్ధతి యనుచున్నాము!

ఆ పద్ధతిలో మనకు వచ్చినదేమో, రానిదేమో కొంచెము చూతము. అచ్చట నేరముల తగవులలో అత్యధికభాగము మెజిస్ట్రేటు కోర్టులోనే తేలిపోవును. ఆ పీఠముపై సామాన్యముగా కూర్చుండువారు జీతము లేని పౌరులు. చట్టము తెలిసిన గుమాస్తా వారికి సలహా చెప్పును. పైనున్న క్రౌను కోర్టులో ఘోరనేరములకు 12 మంది పౌరుల జూరీ కలదు. వీనికి మీద హైకోర్టు, అప్పీలు కోర్టు, 2009లో ప్రభుసభనుండి వేరుపడిన సుప్రీంకోర్టు. మనము తెచ్చుకొన్నది ఈ పైమెట్లను, నల్లగౌనును, పాతతీర్పులు క్రొత్తతీర్పులను శాసించు ఆచారమును. జూరీని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడుతో సాగనంపితిమి. దానికి కారణములు లేకపోలేదు. కాని ప్రజలు కూర్చుండు పీట తీసివేసి దొరలు కూర్చుండు కుర్చీని మాత్రము తుడిచి పెట్టుకొంటిమి. ఆంగ్లేయుల న్యాయము చౌక యని మే మనుటలేదు. అచ్చటి బీదవానికిని న్యాయవాది రుసుము కొండవంటిదే.

మన మియాపూరు చెంతకు వత్తము. దాని ప్రక్కనున్న హైదర్‌నగరు భూముల కథను చదువరులు వినియేయుందురు. నిజాము నాటి ఖుర్షీద్‌జా పైగా వారసులలో పంపకమునకై 1955లో సిటీ సివిల్ కోర్టున ఒక దావా పడినది. అప్పటికి ఆంధ్రప్రదేశము పుట్టలేదు. జాగీరులు 1949లోనే రద్దయినవి. దావా హైకోర్టునకు మారి 1958వ సంవత్సరపు 14వ నంబరు దావా యైనది. 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చినది. పిమ్మట డిక్రీలోని హక్కులు చేతులు మారినవి, చేలు కాలనీలైనవి, రాష్ట్రము రెండైనది, 2017లో మియాపూరునకు మెట్రో రైలు వచ్చినది. దావా మాత్రము చావలేదు. 2023 జూనులో సుప్రీంకోర్టు, పంపకపు దావాలోని డిక్రీ ఆ దావాలో కక్షిదారులు కానివారిని కట్టివేయజాలదని చెప్పినది. ఈ మాట వినుటకు 68 సంవత్సరములు! మియాపూరులో రైలెక్కినవాడు గంటసేపటిలో జిల్లా కోర్టున్న ఎల్.బి. నగరు చేరవచ్చును. దావా నడక వేరు.

జాప్యమునకు కారణములు పెక్కు. భాష యొక్కటే యని మేము బుకాయింపము. కాని భాష తెలియనివాడు జాప్యమును ప్రశ్నింపనైన లేడు. ఈ సీమలో సేత్వారు, పహాణీలు ఉర్దూలో, తీర్పులు ఆంగ్లములో, నడుమ తెలుగువాడు. వాయిదాకు పోయివచ్చి, ఏమైనదని ఇల్లాలడిగిన, "వకీలుగారికి తెలియును" అనుటయే అతని యుత్తరము.

రాజ్యాంగము దారి మూసియుంచలేదు. 348వ అధికరణముప్రకారము గవర్నరు, రాష్ట్రపతి సమ్మతితో, హైకోర్టు వ్యవహారములలో రాష్ట్రభాషను అనుమతింపవచ్చును. తీర్పులకు 1963 నాటి అధికారభాషల చట్టములోని 7వ సెక్షను కలదు; తీర్పుతోపాటు ఆంగ్లానువాదముండిన చాలును. రాజస్థాను, ఉత్తరప్రదేశము, మధ్యప్రదేశము, బీహారు హిందీని తెచ్చుకొన్నవి. పైని చెప్పిన ఆ 2023 జూనులోనే మన హైకోర్టు ధర్మాసన మొకటి ఒక కుటుంబపు భూతగవులో తెలుగున తీర్పు వెలువరించినది. పారిభాషిక పదములు లేవనువారు దానిని తెప్పించుకొని చదువుదురు గాక.

ఇతర రాష్ట్రములనుండి బదిలీపై వచ్చు న్యాయమూర్తుల మాటేమి యందురు. సాక్షి తెలుగున చెప్పినదానిని వారికొరకు నేడును అనువదించుచునేయున్నారు కదా! ఆ భారము కోర్టు మోయవలెనా, కూలి చెడగొట్టుకొని వచ్చిన కక్షిదారుడు మోయవలెనా? తమిళనాడు మొదలగు రాష్ట్రములు తమ భాషల నడుగగా 2012లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సమ్మతింపలేదు. ఒకమారు కాదన్నంతనే ఊరకుండవలెనా? ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభలు ఒకే సమావేశమున, ఒకే మాటగా, ఈ తీర్మానముచేసి ఢిల్లీకి పంపవలెనని మేము కోరుచున్నాము. పఠనమందిరములవారు తమ శాసనసభ్యులకు ఈ వారమే ఉత్తరములు వ్రాయుదురు గాక, తెలుగులోనే.